జానెడు ముందు ఆగిన కర్ర

మా వీధి చివర కల్యాణమండపం మేడ మీద ఈమధ్య కరాటే క్లాసు పెట్టారు. సాయంత్రమయ్యేసరికి తెల్ల బట్టలు వేసుకుని, నడుముకి రంగు పట్టీలు కట్టుకున్న పిల్లలు బిలబిలమంటూ మెట్లెక్కుతారు. వాళ్ళ కేకలు మా వరండాలోకి వినిపిస్తూనే ఉంటాయి. మొన్న పక్కింటి అమ్మాయి తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"మామ్మగారూ, మీరు డ్రిల్లు టీచరుగా చేశారట కదండీ. దీన్ని ఆ క్లాసులో చేర్చమంటారా? దెబ్బలు తగిలితే ఎలాగండీ? పైగా అది నేర్చుకుని రేపు బళ్ళో ఎవరినైనా కొట్టుకొస్తే?"

"చేర్చమ్మా" అంటే సరిపోయేది. కానీ రిటైరైన టీచర్ని ఒక ప్రశ్న అడిగి ఒక్క మాటతో బయటపడ్డవాళ్ళు ఎవరూ లేరు. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, చీకటి పడేదాకా చెప్పాను. పిల్ల సగంలోనే నిద్రపోయింది. తల్లికి చెప్పిందే ఇప్పుడు మీకోసం రాస్తున్నాను. పిల్లలున్నవాళ్ళూ, పిల్లలకు ఇలాంటి విద్యలు నేర్పే కొత్త మాస్టార్లూ చదివితే నాకు సంతోషం.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నాకు బందరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా ఉద్యోగం వచ్చింది. హాస్టలున్న మిషను బడి. దివిసీమ పల్లెల నుంచీ, గుడివాడ వైపు నుంచీ పిల్లలు వచ్చి అక్కడే ఉండి చదువుకునేవారు. మద్రాసులో ట్రైనింగు ముగించి, తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని బళ్ళో అడుగుపెట్టాను. చీర కింద బూట్లు చూసి బందరు రిక్షావాళ్ళు కూడా నవ్వారు. నవ్వితే నవ్వారు, కాళ్ళు నావి.

మద్రాసు నేర్పింది ఒకటైతే మా నాన్న నేర్పింది ఇంకొకటి. మాది మొవ్వ దగ్గర చిన్న ఊరు. కుప్పనూర్పిళ్ళ కాలంలో నాన్న రైతుల కళ్ళాలకి కావలి ఉండేవాడు. కర్రసాములో మంచి చెయ్యి. ఎండాకాలం సాయంత్రాలు మా పేట పిల్లల్ని పోగేసి నేర్పేవాడు. మా అన్నలిద్దరికీ కర్ర మీద మనసు లేదు. నేను మాత్రం పరికిణీ ఎగదోపుకుని ముందు వరుసలో నిలబడేదాన్ని. నాన్న దగ్గర పడటం మొదటి పాఠం. ఆపడం రెండో పాఠం. కొట్టడం ఆఖరి పాఠం, అదీ మొదటి రెండూ వచ్చినవాళ్ళకే. "కొట్టడానికేముందే, పిచ్చోడు కూడా కొడతాడు. కొట్టబోయి ఆపినోడే సాముగాడు" అనేవాడు.

బందరు బళ్ళో పిల్లలకి టెన్నికాయిట్ నేర్పుదామని రింగు విసిరితే, పట్టుకోవలసింది పోయి కళ్ళు మూసుకుని మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేవారు. ఎక్కడో ఒకరు కాదు, సగం మంది అంతే. ఇంట్లో ఎవరు చెయ్యెత్తినా అలా ముడుచుకుని అలవాటైన పిల్లలు. కళ్ళు మూసుకుంటే దెబ్బ తగలదా? ఒకటి తగిలేచోట రెండు తగులుతాయి. వాళ్ళని చూస్తే నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది. వీళ్ళకి ముందు కళ్ళు తెరిచి నిలబడటం నేర్పాలనుకున్నాను. అందుకు నాకు తెలిసిన దారి నాన్న కర్ర ఒక్కటే.

హెడ్‌మిస్ట్రెస్‌గారిని అడిగాను. ఆవిడ పెళ్ళి చేసుకోకుండా బడికే అంకితమైన మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. ఆవిడ ఏమీ అనకముందే పక్కనున్న హాస్టలు వార్డెనమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"కర్రసామా! ఆడపిల్లలకా! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా?"

బడి మొత్తానికి ఒక్కరే మగమనిషి, మా తెలుగు పంతులుగారు. పెద్దాయన. పొడుం డబ్బా మూత మీద వేలితో తడుతూ, "చేత కర్ర లేకపోతే గొర్రె అయినా కరుస్తుందన్నారు. నేర్పనివ్వండమ్మా. ఇంతమంది ఆడవాళ్ళ మధ్య ఉద్యోగం చేస్తున్నాను, వీలుంటే నాకూ నేర్పమనండి" అన్నారు.

హెడ్‌మిస్ట్రెస్‌గారు నవ్వు ఆపుకుని నావైపు తిరిగారు. "డ్రిల్లు పీరియడ్లో నేర్పుకో. ఒక్క పిల్లకి నెత్తురు కనబడితే మాత్రం ఆ రోజుతో ఆఖరు. కర్రలన్నీ వంటింటి పొయ్యిలోకి పోతాయి. పిల్లల ఇళ్ళకి ఏమని రాయమంటావు?"

"డ్రిల్లు అనే రాయండి" అన్నాను. తెలివైన మాట అన్నాననుకున్నాను.

పడటం నేర్పాలంటే మెత్తటి నేల కావాలి. బందరు నేల ఎండలో బండ, వానలో బంక. మా పిల్లల్లో ఒకమ్మాయి తండ్రి గుడివాడలో రైసుమిల్లు గుమాస్తా. హాస్టల్లో పిల్లల్ని ఊరి పేరుతో పిలిచేవాళ్ళం కనుక ఆమె గుడివాడ పిల్ల. వాళ్ళ నాన్నకి కబురు పెడితే, ఆయన పాపం, రైల్లో బస్తాలకు బస్తాలు ఊక పంపాడు. గొయ్యి తవ్వించి ఊక నింపాం. పిల్లలు కేరింతలు కొడుతూ దాన్లో దూకారు. సాయంత్రానికి హాస్టలు హాస్టలంతా గోక్కోవడమే.

ఊక ఒంటికి తగిలితే దురద పెడుతుందని కళ్ళం పక్కన పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. కానీ మద్రాసులో గోతిలో రంపపు పొట్టు పోయడం చూసి వచ్చాను. పొట్టయితేనేం, ఊకయితేనేం అనుకున్నాను. చదువుకోవడానికి దూరం వెళ్ళి వచ్చినవాళ్ళకి ఇంటి దగ్గరి సంగతులే ముందు మరుపున పడతాయి. వార్డెనమ్మ అది గజ్జి అనుకుంది. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి గంధకం కలిపిన కొబ్బరినూనె పట్టించింది. ఆ ఆదివారం మిషను గుళ్ళో మా పిల్లలు కూర్చున్న వైపు ఎవరూ కూర్చోలేదు. "మీ శిష్యురాళ్ళు వస్తున్నారని ఇప్పుడు గంట కొట్టక్కర్లేదమ్మా, గాలే చెబుతోంది" అన్నారు పంతులుగారు.

ఊక తీయించి వరిగడ్డి మందంగా పరిచి, పైన గోనెసంచులు విప్పి కుట్టిన పట్టా వేయించాను. పరికిణీలు కాళ్ళకి అడ్డం పడుతున్నాయని, నాట్లు వేసే ఆడవాళ్ళు దోపుకున్నట్టు ఎగదోపించాను. గడ్డం గుండెకి ఆనించి, చేతులు నేలకి ఊనకుండా, భుజం మీదుగా దొర్లి లేవడం నేర్పాను. వారాల తరబడి అదే పని. కర్ర ఇవ్వలేదు. "టీచరండీ, పడటానికి కూడా పాఠమా అండీ?" అని మొదట్లో నవ్వినవాళ్ళు తర్వాత పడటంలోనే పోటీలు పెట్టుకున్నారు. వానాకాలంలో ఒక పిల్ల బస్సు దిగుతూ బురదలో జారిందట. దొర్లి లేచి, పుస్తకాలతో సహా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "టీచరండీ, పడ్డానండీ! ఏం కాలేదండీ!" అని బహుమతి వచ్చినట్టు చెప్పింది. ఒళ్ళంతా బురద. దగ్గరికి తీసుకున్నాను, నా తెల్ల చీర సంగతి తర్వాత చూసుకోవచ్చని.

గుడివాడ పిల్ల మాత్రం మా క్లాసులో లేదు. వాళ్ళ నాన్న ఊక పంపాడు గానీ వాళ్ళమ్మ కూతుర్ని పంపనివ్వలేదు. "పెళ్ళి కావలసిన పిల్లండీ. మొహం మీద గాటు పడితే ఎవరు చేసుకుంటారు?" అంది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ, పడ్డవాళ్ళని చూసి నవ్వుతూ ఉండేది. తనకీ రావాలని ఉండేదనీ, అందుకే అంత నవ్వేదనీ నాకు ఆలస్యంగా అర్థమైంది.

తర్వాత ఆపడం. వరండా దూలానికి నీళ్ళు పోసిన ముంత వేలాడదీసేదాన్ని. కర్ర వేగంగా తీసుకొచ్చి ముంతకి జానెడు ముందు ఆపాలి. ముంత పగిలితే తల తడుస్తుంది, పాఠం మళ్ళీ మొదటికొస్తుంది. "కొట్టే ముందే ఎక్కడ ఆగాలో చూసుకోండి. భుజంతో కాదు, ఊపిరితో పట్టండి" అని చెప్పేదాన్ని. వంటింట్లో ముంతలు తగ్గిపోతున్నాయని వార్డెనమ్మ చాలాకాలం వంటమనిషిని అనుమానించింది.

అందరికంటే ఎక్కువ ముంతలు పగలగొట్టింది కోడూరు పిల్ల. కోడూరు అవతల చిన్న పల్లె వాళ్ళది. మాలాంటి కూలీనాలీ కుటుంబమే. లెక్కల్లో క్లాసుకి మొదటిది. ఒక అన్న ఉన్నాడనీ, రాజమండ్రిలో ఉంటాడనీ హాస్టల్లో అందరికీ తెలుసు. చదువుకుంటున్నాడు కాబోలనుకునేవాళ్ళం. ఆ పిల్ల కర్ర పడితే ముంత నిలిచేది కాదు. పగలగొట్టాక మిగతావాళ్ళలా నవ్వేదీ కాదు. పెంకుల పక్కన కూలబడి వణికేది. వార్డెనమ్మ తిడుతుందని భయం కాబోలనుకుని వీపు నిమిరేదాన్ని. "మళ్ళీ చెయ్యనా అండీ?" అని అడిగేది. మిగతావాళ్ళు ఆటకి వెళ్ళినా ఒక్కతే ముంత ముందు నిలబడేది. నెలలు గడిచేసరికి ఆ పిల్ల కర్ర ఈలవేస్తూ వచ్చి ముంత ముందు టక్కున ఆగిపోయేది. నీళ్ళు కూడా కదిలేవి కావు. నాన్న చూసి ఉంటే ఎంత మురిసిపోయేవాడో!

అంతా బాగుందనుకుంటున్న రోజుల్లో ఒక ఆదివారం గుడినుంచి వచ్చి అన్నానికి కూర్చోబోతున్నాం. హాస్టలు నూతి దగ్గర కేకలు. పరిగెత్తాను. గుడివాడ పిల్ల నూతి చప్టా మీద పడి ఉంది. గడ్డం చీలి ఓణీ అంతా నెత్తురు. ఎదురుగా కోడూరు పిల్ల, కాళ్ళ దగ్గర కొబ్బరిమట్ట. "కర్రతో కొట్టింది! కొట్టింది!" అని చుట్టూ ఉన్న పిల్లలు ఒకటే ఏడుపు.

గుడివాడ పిల్లని రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కుట్లు వేసి, దవడ కదలకుండా కట్టు కట్టి, కొన్నాళ్ళు మాట్లాడవద్దన్నారు. తిరిగొచ్చి కోడూరు పిల్లని అడిగాను.

"కొట్టావా?"

"ఎత్తానండీ" అంది.

"కొట్టావా అని అడుగుతున్నాను."

"ఎత్తానండీ" అని మళ్ళీ అదే మాట. అంతకుమించి నోరు విప్పలేదు.

షరతు షరతే. కర్రలన్నీ వంటింట్లోకి పంపమన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. వార్డెనమ్మ రెండిళ్ళకీ కబురు చేసింది. క్లాసు పోయిందన్న బాధ కంటే, నేను నేర్పిన చెయ్యి ఒక పిల్లని కొట్టిందా అన్న అనుమానం నన్ను తినేసింది.

కోడూరు నుంచి తండ్రి మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తలకి తువ్వాలు చుట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేనే తీసుకొచ్చాను. హెడ్‌మిస్ట్రెస్‌గారి గదిలో కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పంతులుగారు, వార్డెనమ్మ ఒక పక్కన ఉన్నారు. ఆ పిల్లని పిలిపించాం. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఒకటే అడిగాడు.

"కర్ర ఎత్తావా అమ్మా?"

"ఎత్తాను నాన్నా."

"ట్రంకు పెట్టి తెచ్చుకో. ఎల్దాం."

పిల్ల ట్రంకు కోసం వెళ్ళింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు లేచి నిలబడ్డారు. "పరీక్షలు దగ్గర పడ్డాయండీ. బాగా చదివే పిల్ల. శిక్ష ఏదైనా ఉంటే ఇక్కడ మేం వేస్తాం. చదువు మాన్పించకండి."

"చదువుకుంటదనే పంపానండీ" అన్నాడాయన. "డ్రిల్లు అని రాశారు, చేతులూ కాళ్ళూ ఆడిత్తారేమో అనుకున్నాను. కర్ర పట్టిత్తారనుకోలేదు. మా ఇంట్లో కర్ర ఎత్తినోడు ఇప్పటికే ఒకడున్నాడమ్మగారూ. ఇంకోళ్ళు వద్దు."

నా తెలివైన మాట నా మెడకే చుట్టుకుంది. ఆయన తలొంచుకుని మిగతాది చెప్పాడు.

"మావోడు రాజమండ్రిలో ఉన్నది కాలేజీలో కాదండీ, జైల్లో. తూము కాడ నీళ్ళ తగాదా వచ్చింది. ఎదటోడు పరాయోడు కాదు, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కాలవలో ఈత కొట్టినోళ్ళే. మాటా మాటా అనుకున్నారు. మావోడి చేతిలో ఎడ్లు తోలే ములుకర్ర ఉంది. ఒక్క దెబ్బండీ. ఆ పిల్లోడు మళ్ళీ లేవలేదు. 'ఆపుకుందామనుకున్నాను నాన్నా, చెయ్యి ఆగలేదు' అన్నాడు ఠాణాలో. అదే నేను వాడి నోటెంట విన్న ఆఖరి మాట. మా ఇంటిది ఎల్లి చూసొత్తది. నేను ఎల్లలేదు. చచ్చిపోయిన పిల్లోడి తల్లి రోజూ మా ఇంటి ముందు నుంచే నీళ్ళకి ఎల్తది. ఆవిడ మొహం చూసి, నా కొడుకుని ఏ మొహంతో పలకరించను?"

పెంకుల పక్కన కూలబడి వణికిన పిల్ల నా కళ్ళ ముందు మెదిలింది. ఎందుకు వణికేదో, ఒక్కతే నిలబడి ఎందుకు సాధన చేసేదో అప్పుడు తెలిసింది. అన్న చెయ్యి ఆగలేదు, తన చెయ్యి ఆగుతుందా ఆగదా అన్నది ఆ పిల్లకి ఆట కాదు.

కోడూరు పిల్ల ట్రంకు పెట్టె మోసుకొచ్చింది. వెనకాలే గుడివాడ పిల్ల. కట్టు ఇంకా విప్పలేదు. దవడ కదపకుండా పళ్ళ మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా మాట్లాడింది.

"అది నన్ను కొట్టలేదండీ. మట్ట ఎత్తింది, ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. నేనే బెదిరి వెనక్కి తిరిగి పరిగెత్తబోయాను. చప్టా మీద నాచు. బోర్లా పడ్డాను."

"అసలు మట్ట ఎందుకెత్తింది?" అని వార్డెనమ్మ అడిగింది.

"నేనే అన్నానండీ. మా ఊళ్ళో ఎవరో చెబితే విని, 'మీ అన్న ఏ కాలేజీలో రాళ్ళు కొడుతున్నాడే' అని అందరి ముందూ అడిగాను" అని ఆ పిల్ల ఏడ్చింది. కట్టు తడుస్తుందని వార్డెనమ్మ కొంగుతో అద్దడం మొదలుపెట్టింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. తండ్రి మాత్రం తల అడ్డంగా తిప్పాడు. "చిన్నపిల్ల, జాలికొద్దీ చెబుతోందండీ. ఎత్తిన కర్ర ఆగదు. నాకు తెలుసు."

"ఆగుతుంది అన్నయ్యా. ఇన్నాళ్ళూ నేను నేర్పింది అదొక్కటే" అన్నాను.

"ఆగితే చూపించమనండి. ముంతల మీదా, కుండల మీదా కాదు. వాటికి ప్రాణం లేదు. నా మీద చూపించమనండి." తలకి చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకుని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. ఆ చెయ్యి తండ్రి తల మీద ఎత్తించడం ఎంత పాపమో నాకు తోచింది. వెళ్ళి ఆయన్ని పక్కకి జరిపాను.

"మీ మీద కాదు. నేర్పినదాన్ని నేను. నా మీద చేస్తుంది."

"ఏమ్మా, నీకు మతిపోయిందా?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. అయినా ఆపలేదు. కర్రలన్నీ పొయ్యిలోకి పోయాయి కదా అని నేననుకుంటుండగా, వార్డెనమ్మ గబగబా తన గదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి ఒక కర్ర తెచ్చింది. "పొగ వస్తుందని పొయ్యిలో పెట్టనివ్వలేదండీ" అంది ఎవరి మొహమూ చూడకుండా. నెలల తరబడి నూనె పట్టించి ఎండబెట్టిన వెదురు కర్రలకి పొగ ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు.

నేను వరండా మధ్యలో నిలబడ్డాను. ఆ పిల్ల ఎదురుగా నిలబడింది. పెదవులు తెల్లబడిపోయాయి. "ఎక్కడ ఆగాలో ముందే చూసుకో" అన్నాను. నా నెత్తి మీదికి చూసింది. ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. కర్ర లేచింది. నేను నేర్పినదాని కంటే వేగంగా వచ్చింది. నెత్తి మీద గాలి తగిలి పాపిట వెంట్రుకలు కదిలాయి. అంతే. పైకి చూస్తే కర్ర జానెడు ఎత్తున కదలకుండా ఉంది. అది పట్టుకున్న చెయ్యి కూడా వణకడం లేదు.

పైకి చూస్తే అన్నాను కదా, కాస్త ఆలస్యంగా చూశాను. ఆ క్షణంలో కళ్ళు గట్టిగా మూసుకున్నానని, పిల్లలకు కళ్ళు తెరవడం నేర్పే టీచరు తాను మాత్రం మూసుకుందని పంతులుగారు తర్వాత బందరంతా చాటారు. నిజమే, మూసుకున్నాను. ఎవరైనా వచ్చి అక్కడ నిలబడి చూడండి.

తండ్రి మెట్టు మీద చతికిలబడ్డాడు. తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. పిల్ల వెళ్ళి పక్కన కూర్చుంది. తర్వాత ఆయన లేచి, ట్రంకు పెట్టె తన నెత్తికెత్తుకుని, హాస్టలు గుమ్మందాకా మోసి లోపల దింపాడు. "పరీక్షలు రాయనియ్యండి" అన్నాడు హెడ్‌మిస్ట్రెస్‌గారితో.

గేటుదాకా నేను వెంట వెళ్ళాను. అక్కడ ఆగి నేలకేసి చూస్తూ అడిగాడు.

"ఈడొచ్చినోళ్ళకి కూడా వత్తదా అండీ ఇది?"

"ఎవరికి అన్నయ్యా?"

"వచ్చే ఎండాకాలానికి వదులుతారంట వాణ్ణి."

"మీ అమ్మాయికి వచ్చింది కదా. అన్నకి తనే నేర్పుతుందిలెండి" అన్నాను. ఆయన తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకున్నాడు. బస్సు వస్తోందని వెళ్ళిపోయాడు.

హెడ్‌మిస్ట్రెస్‌గారు క్లాసు మళ్ళీ పెట్టమన్నారు, కొత్త షరతుతో. ఏం నేర్పుతున్నామో ప్రతి ఇంటికీ విడమరిచి రాయాలి, కావాలన్నవాళ్ళ పిల్లలకే నేర్పాలి. కట్టు విప్పిన మర్నాడే గుడివాడ పిల్ల గోనెపట్టా దగ్గరికి వచ్చి నిలబడింది. "ముందు పడటం నేర్పండి టీచరండీ" అంది. వాళ్ళమ్మ ఈసారి కాదనలేదు. గడ్డం మీద గాటు ఎలాగూ పడింది.

కొత్త మాస్టార్లకి ఒక మాట. నాలాగా పిల్లల కర్ర కింద తల పెట్టకండి. ఇప్పుడు తలకి తొడుగులున్నాయి, కాళ్ళ కింద మెత్తటి చాపలున్నాయి, వాడండి. పిల్లని కన్నవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అమ్మానాన్నలకీ ఒక మాట. దెబ్బలు తగులుతాయా అంటే, పడటం నేర్వని పిల్లలకే ఎక్కువ తగులుతాయి. కొట్టుకొస్తారా అంటే, మొదటి రోజునుంచే కొట్టడం నేర్పే చోట వేస్తే కొట్టుకొస్తారు. అందుకని వెళ్ళి ఒక పూట కూర్చుని చూడండి. ఆ మాస్టారు ఆపడం నేర్పుతున్నాడా లేదా చూడండి. నేర్పుతుంటే నిశ్చింతగా చేర్చండి. నా చేతుల మీదుగా వెళ్ళిన పిల్లల్లో భుజాలు వంచుకుని నడిచినవాళ్ళు లేరు. నా ఉద్యోగంలో నేను సంపాదించుకున్నది అదే.

మరుసటి ఎండాకాలంలో కోడూరు నుంచి కబురొచ్చింది. కొడుకు ఇంటికొచ్చాడు, దేవుడికి కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నాం, మీరు తప్పకుండా రావాలని. మోపిదేవి మీదుగా బస్సులో వెళ్ళాను. తాటాకుల పందిట్లో పదిమంది కూర్చున్నారు. కీర్తనలు పాడారు, ప్రార్థన చేశారు. కొడుకు పందిరి బయట, ఎండలో, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తండ్రిలాగే పొడుగు మనిషి. వచ్చిన దగ్గర్నుంచీ తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవని తల్లి నా చెవిలో చెప్పి కళ్ళొత్తుకుంది. పైగా వాడు కర్ర అన్నది ముట్టడం లేదట. ఎడ్లు తోలమంటే ఒట్టి చేతులతో వెళ్తున్నాడట. అలాంటివాణ్ణి పనికెవరు పిలుస్తారని ఆమె దిగులు.

వచ్చినవాళ్ళు వెళ్ళాక చెల్లెలు అన్న దగ్గరికి కర్ర పట్టుకెళ్ళింది. "నేర్పుతాను రా అన్నయ్యా. కొట్టడం కాదు, ఆపడం" అంది. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ పిల్ల వదల్లేదు. ఎలా నిలబడాలో, ఊపిరి ఎప్పుడు పట్టాలో, నేను చెప్పిన మాటలే పొల్లు పోకుండా చెప్పింది. చివరికి ఆ వేళ్ళు విప్పి కర్ర మధ్యలో పెట్టింది. పందిరి గుంజ చూపించి అక్కడ ఆపమంది. వాడు కర్ర ఎత్తనైతే ఎత్తాడు గానీ దించలేకపోయాడు. చెయ్యి పైనే ఉండిపోయింది.

అప్పుడు తండ్రి అరుగు మీద నుంచి లేచాడు. వెళ్ళి గుంజకి ముందు, కొడుకు కర్ర కింద నిలబడ్డాడు. కళ్ళు తెరిచి కొడుకు మొహంలోకే చూస్తున్నాడు. తల్లి కెవ్వుమనబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కదలబోయి ఆగిపోయాను. ఈసారి ఆ చోటు నాది కాదు.

కొడుకు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఊపిరి పీల్చి కర్ర దించాడు. అది జానెడు ముందు కాదు, బారెడు దూరంలోనే ఆగింది.

"ఇంకా దగ్గరికి రావాలన్నయ్యా" అంది చెల్లెలు.

"ఉండవే, ఇయ్యాల్టికి సాల్లే" అన్నాడు తండ్రి. కొడుకు చేతిలో కర్ర మెల్లగా తీసుకుని గోడకి చేర్చాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"రారా" అన్నాడు, "అన్నం తిందాం."